రిసీవర్ పెట్టేసిన తర్వాత

మిర్యాలగూడలో మిల్లుల వెనక వీధుల్లో సుందరమ్మ ఇల్లెక్కడ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. కొందరు వైండింగు సుందరమ్మ అంటారు, కొందరు ఫోన్ల సుందరమ్మ అంటారు. ఫోన్ల పేరే ముందొచ్చింది. మధ్యలో అది మరుగున పడిపోయి, ఆమె అరవై దాటాక మళ్లీ తిరిగొచ్చింది. రాకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఆమె ఇప్పుడనుకుంటుంది.

ఆమె పుట్టింది నేరేడుచర్ల పక్క పల్లెలో. తల్లిదండ్రులు నాట్లకూ కోతలకూ పోయే కూలీలు. మిషన్ హాస్టల్లో ఉండి పది పాసైంది. ఆ ఏడాదే హైదరాబాదులో టెలిఫోన్ల ఫ్యాక్టరీకి ఆడపిల్లలను తీసుకుంటున్నారని చర్చిలో పాస్టరుగారు చెప్పారు. వేళ్లు సన్నగా ఉండాలి, చూపు బాగుండాలి, ఓపిక ఉండాలి, అంతే. తండ్రి వద్దన్నాడు, తల్లి పోనియ్యమంది. తల్లి మాటే నెగ్గింది.

ఫ్యాక్టరీలో పొడవాటి హాలు, ఆ చివర నుంచి ఈ చివరి దాకా బల్లలు. మొదటి బల్ల మీద ఫోను అంటే వట్టి రేకు ముక్క. పక్క బల్లకు పోయేసరికి దాని మీద రెండు గంటలూ వాటి మధ్య కొట్టే చిన్న సుత్తీ బిగిసేవి. ఆ తర్వాత తీగచుట్ట, ఆ తర్వాత రిసీవర్ ఆనించే మీట. ఇంకో వరుసలో రిసీవర్లు కూర్చేవాళ్లు కూర్చునేవారు. చెవి దగ్గర పలుచటి బిళ్ల, నోటి దగ్గర బొగ్గు రవ్వలు నింపిన డబ్బీ, వాటిని కలుపుతూ లోపల నుంచి నాలుగు తీగలు. సుందరమ్మను డయల్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. చుట్ట స్ప్రింగును బిగించి, పళ్ల చక్రం తగిలించి, వేగం మించకుండా పట్టి ఉంచే చిన్న గవర్నర్‌ను కూర్చి, పైన బొక్కల బిళ్ల పెట్టాలి. సున్నాలో వేలు పెట్టి చివరిదాకా తిప్పి వదలాలి. అది కర్రుమని ఒకే తీరున వెనక్కి రావాలి. స్ప్రింగు ఎక్కువ బిగిస్తే డయల్ ఉరికొస్తుంది, అంకె తప్పుతుంది, ఎవరింట్లోనో మోగాల్సింది ఇంకెవరింట్లోనో మోగుతుంది. కొన్నాళ్లకు సుందరమ్మ పక్క బల్ల వాళ్లతో కబుర్లు చెబుతూనే ఏ డయల్ సరిగ్గా వస్తుందో, ఏది రావట్లేదో చెవితోనే పట్టేసేది.

ఆ హాలుకు పెద్ద వెంకటనర్సమ్మ. నల్గొండ మనిషి. కొత్తగా చేరిన ప్రతి పిల్లనూ మీట బల్ల దగ్గరికి తీసుకుపోయి, రిసీవర్ పెట్టి చూపించేది.

"ఇది దిగిందా, ఇగ ఫోను పానం లేనట్టే ఉండాలె. రిసీవర్ పెట్టినంక ఇంట్ల మాట ఒక్కటి కూడ తీగలకు పోవద్దు. మొగుడు పెండ్లాలు కొట్లాడుకుంటరు, అప్పుల గురించి మాట్లాడుకుంటరు, ఏడుస్తరు. అవన్నీ మనకెందుకు?" అనేది.

తర్వాత బటన్ల ఫోన్లు వచ్చాయి. ఫ్యాక్టరీ ఒక్కసారిగా మూతపడలేదు. ముందు గంటల బల్ల ఖాళీ అయింది. ప్రసవానికి పోయిన పిల్ల కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. మధ్యాహ్నం అన్నం గంటకు గోల చేసే హాల్లో చెంచాల చప్పుడు విడివిడిగా వినపడటం మొదలైంది. ఒకరోజు పొద్దున వచ్చేసరికి డయల్ బల్ల మీద దుప్పటి కప్పి ఉంది. ఎవరు కప్పారో ఎవరూ చెప్పలేదు. వెంకటనర్సమ్మ ఆ దుప్పటి వైపు చూసి, తన టిఫిన్ డబ్బా తీసుకుని గేటు దాటింది.

సుందరమ్మకు అప్పటికే పెళ్లయింది. భర్త అంజయ్యది మిర్యాలగూడ, మిల్లులో బాయిలర్ దగ్గర పని. ఆమె అక్కడికొచ్చి, వ్యవసాయ మోటార్లకు వైండింగు చేసే షాపులో చేరి రాగి తీగ చుట్టడం మొదలుపెట్టింది. పిల్లలు కలగలేదు. అంజయ్య కొన్నేళ్ల కిందట గుండె ఆగి పోయాడు. పక్క పోర్షన్‌లో చెల్లెలు, చెల్లెలి కూతురు శిల్ప ఉండటంతో ఆమెకు ఒంటరినన్న బెంగ లేకుండా గడిచింది.

శ్రీనాథ్ వైండింగు షాపుకు వచ్చింది ఒక ఎండాకాలం. ఆ ఊళ్లో పాతకాపు మిల్లువాళ్ల కొడుకు. తండ్రి నడిపిన మిల్లు మూతపడింది, శ్రీనాథ్‌కు వడ్ల వ్యాపారం మీద మనసు లేదు. చేతిలో నల్లటి పాత ఫోను ఉంది.

"సుందరమ్మగారూ, మీరు ఇసొంటివి చేసెటోళ్లట గదా? దీని డయల్ తిరుగుతలేదు. జర చూస్తరా?"

ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని నాలుగు స్క్రూలు విప్పింది. లోపల సాలెపురుగు గూడు, తుప్పు పట్టిన స్ప్రింగు. ఊది, తుడిచి, స్ప్రింగు బిగించి, సున్నా తిప్పి వదిలింది. కర్రుమని తిరిగొచ్చింది. ఆ చప్పుడుకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నేళ్లయిందో ఆ చప్పుడు విని.

ఇట్లాంటివి బాగు చేసి అమ్ముదామని శ్రీనాథ్ అడిగితే, మర్నాడే ఆమె అతని దగ్గర పనిలో చేరింది. పాత మిల్లు ఆఫీసు గదిలో షాపు పెట్టాడు. తుక్కు దుకాణాల నుంచి గోనె సంచుల్లో ఫోన్లు తెప్పించేవాడు. ఒకదానికి డయల్ ఉంటే గంటలుండవు, ఇంకోదానికి గంటలుంటే పై డొప్ప పగిలి ఉంటుంది. సుందరమ్మ అన్నీ విప్పి, కడిగి, ఒకదాని డయల్ ఇంకోదాని గంటలకు జత చేసి కొత్త ఫోను కూర్చేది. శ్రీనాథ్ లోపల సిమ్ము బోర్డు పెట్టించేవాడు, దాంతో పాత డయల్ తిప్పితే ఇప్పటి సెల్లుకు మోగేది. హోటళ్లవాళ్లు కొన్నారు, పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు కొన్నారు, కొత్త ఇళ్ల హాళ్లలో పెట్టుకోవడానికి డబ్బున్నవాళ్లు కొన్నారు. సాయంగా శిల్పను పెట్టుకుందామని సుందరమ్మే అడిగింది. పిల్ల డిగ్రీ చదివి ఖాళీగా ఉంది. చెయ్యి చురుకు, నెల తిరక్కుండానే డయల్ కూర్చడం నేర్చేసింది.

"పెద్దమ్మా, మీ ఫ్యాక్టరీల ఇంత మంచిగ ఉండెనా?" అని అడిగేది రంగులు ఆరబెడుతూ.

"గింత మంచిగ ఏడ? మాకు నలుపు తప్ప ఇంకో రంగు తెల్వదు," అని సుందరమ్మ నవ్వేది. ఆ రోజుల్లో ఆమెకు పొద్దున లేస్తే పనికి ఎప్పుడు పోదామా అనిపించేది.

వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో శ్రీనాథ్ ఒక చిన్న నల్ల ముక్క తెచ్చి బల్ల మీద పెట్టాడు. అగ్గిపెట్టెలో సగం కూడా లేదు.

"ఈ ఎర్ర ఫోను లోపట గంటల కింద దీన్ని అతికించుండ్రి. కరెంటు బోర్డు నుంచే ఇయ్యుండ్రి. రిసీవర్ ఆనుతది సూడుండ్రి, దాని కింద సూదిమొనంత బొక్క కొట్టుండ్రి."

"ఏంది సార్ ఇది?"

"బూస్టర్. సిగ్నల్ తక్కువున్న కాడ పనికొస్తది."

సిగ్నల్‌కు బొక్కెందుకని సుందరమ్మకు అనిపించింది గానీ అడగలేదు. అతికించింది, బొక్క కొట్టింది. ఆ ఫోను మిగతావాటితో పాటు పార్సిల్ కాలేదు. శ్రీనాథ్ తనే కారులో పెట్టుకుని పోయాడు. ఆ తర్వాత అట్లాంటివి అప్పుడొకటి అప్పుడొకటి చేయించాడు. వాటిని స్పెషల్ పీసులనేవాడు. ఎవరికని అడిగితే, "దోస్తులకు గిఫ్టులు," అని ముక్తసరిగా చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం అట్లాంటి ఫోను ఒకటి తయారై బల్ల మీద ఉంటే, సుందరమ్మ తుడవబోయి అడుగున చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. రిసీవర్ పెట్టే ఉంది, ఎవరూ మాట్లాడటం లేదు. రిసీవర్ పెట్టేసిన ఫోను వెచ్చబడటం ఆమె తన జన్మలో చూడలేదు. వెంకటనర్సమ్మ గుర్తొచ్చింది. సెల్లు కూడా జేబులో ఉండి వేడెక్కుతుంది కదా, కొత్త వస్తువుల తీరే అంత, అని తనకు తానే చెప్పుకుంది. కానీ ఆ రోజంతా ఆ ఫోను వైపు వీపు పెట్టి కూర్చుంది.

వడ్లు మిల్లులకు రావడం మొదలయ్యాక, శ్రీనాథ్ హైదరాబాదు పోయి ఉన్నప్పుడు, షాపు నంబరుకు ఫోనొచ్చింది. ఎవరో ఆడమనిషి, కోదాడ నుంచి.

"మీరు చేసిన ఫోనేనండి, కింద స్టిక్కరు మీద ఈ నంబరుంది. ఏదో చప్పుడొస్తోంది. ఎవరినైనా పంపిస్తారా?"

స్పెషల్ పీసులకు స్టిక్కరు వెయ్యొద్దని శ్రీనాథ్ చెప్పి ఉన్నాడు. అలవాటు కొద్దీ శిల్ప ఒకదానికి వేసేసినట్టుంది. సుందరమ్మకు ఆ సంగతి తట్టలేదు. సంచిలో స్క్రూడ్రైవరు, సోల్డరింగ్ కడ్డీ వేసుకుని కోదాడ బస్సెక్కింది.

మేడ ఇల్లు. తలుపు తీసిన మనిషికి ముప్పై దాటి ఉంటాయి, పేరు స్వరాజ్యలక్ష్మి. హాల్లో సోఫా పక్కన బల్ల మీద ఎర్ర ఫోను. గోడ మీద ఆమె పెళ్లి ఫొటో. పక్కన పెళ్లికొడుకు వేషంలో శ్రీనాథ్.

సుందరమ్మ ఆ ఫొటో కింద నిలబడిపోయింది.

"ఆయన తెలుసా మీకు?" అని స్వరాజ్యలక్ష్మి అడిగి, తనే జవాబు చెప్పుకుంది. "తెలిసే ఉంటుంది లెండి, షాపు ఆయనదేగా. పెళ్లిరోజుకని పంపించారు. నేను కొన్నాళ్లుగా మా నాన్నగారింట్లో ఉంటున్నాను." గొంతు తగ్గించింది. "టీవీ పెడితే చాలండి, మధ్యలో టిక్కు టిక్కుమని బర్రుమంటుంది. ఫోను మోగదు, ఎవరూ చెయ్యరు. అయినా బర్రుమంటుంది. ఫోను వంటింట్లో పెడితే ఆగిపోతుంది. అందుకే దీంట్లోనే ఏదో ఉందనుకున్నాను."

సుందరమ్మ నేల మీద కూర్చుని ఫోను బోర్లించింది. స్వరాజ్యలక్ష్మి మంచినీళ్లు తెచ్చిచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీళ్లు కూడా నేనే తేవాలి. పనిమనిషిని తీసేశాను. కాటమ్మ అని ఈ పక్క చిలుకూరు మనిషి. నా చిన్నప్పటి నుంచీ మా ఇంట్లోనే చేసింది. ఏం చెయ్యమంటారు? నేనూ అమ్మా ఈ హాల్లో ఏది మాట్లాడుకున్నా ఆయనకు తెలిసిపోతోంది. వకీలు దగ్గరికి పోదామనుకున్నామా, తెల్లవారి ఆయనే ఫోన్ చేసి, వకీళ్లకు ఎందుకు పెడతారు డబ్బులు అని నవ్వుతారు. ఇంట్లో నేను, అమ్మ, నాన్న. నాలుగో మనిషి కాటమ్మే. బిడ్డ మీద ఒట్టేసింది, ఏడ్చింది. అయినా నమ్మలేకపోయాను. ఈ ఊళ్లో ఇప్పుడు దాన్నెవరూ పనిలో పెట్టుకోవట్లేదట."

అడుగు రేకు ఊడొచ్చింది. గంటల కింద నల్ల ముక్క. దాని తీగల మీద గుండ్రంగా, మెరుస్తూ తన చేతి సోల్డరింగు. తీగలను కట్టిన దారం ముడి కూడా తనదే, ఫ్యాక్టరీలో నేర్చిన ముడి. సుందరమ్మ సూదిబొక్క వైపు చూసింది. అది సరిగ్గా సోఫా వైపు తిరిగి ఉంది.

అప్పుడే టీవీ బర్రుమంది.

"అదిగో, విన్నారా?" అంది స్వరాజ్యలక్ష్మి.

సుందరమ్మ విన్నది. సెల్లులో మాట పోతుంటే పక్కనున్న టీవీ చేసే చప్పుడే అది. ఇంకెక్కడో కూర్చుని ఇంకెవరో తమిద్దరినీ వింటున్నారని ఆమెకు అర్థమైంది. చెబితే ఆ మాట కూడా ఇందులో నుంచే పోతుంది. ఆ అమ్మాయిని చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసుకుపోవచ్చు. కానీ చేసిందెవరు అని అడిగితే ఏం చెప్పాలి?

"ఏం లేదమ్మా," అంది చివరికి. "లోపల పురుగు దూరింది. తీసేసిన. టీవీకి జర దూరంగ పెట్టుకోండ్రి."

స్క్రూలు బిగించి లేచింది. చార్జీల డబ్బులిస్తే తీసుకోకుండా బయటపడింది. తిరుగు బస్సు హుజూర్‌నగర్ దాటే దాకా ఆమెకు ఒళ్లు తెలియలేదు. రోడ్డు పక్కన వడ్లు ఆరబోసి ఉన్నాయి, బస్సు వాటి అంచున పోతోంది. పక్క సీట్లో ఇద్దరు ఆడవాళ్లు ఇంటి గొడవలు చెప్పుకుంటున్నారు. కాస్త మెల్లగా మాట్లాడండమ్మా అని వాళ్లతో చెప్పాలనిపించింది.

కోదాడలో చూసిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. శిల్పకు కూడా చెప్పలేదు.

మర్నాడు శ్రీనాథ్ వచ్చాడు. బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని, చాయ్ తెప్పించి, ఒక గ్లాసు ఆమె ముందు పెట్టాడు.

"ఏం సుందరమ్మా, కోదాడ ఫోన్ల పురుగు దూరిందట గదా?"

ఆమె చేతిలో డయల్ నేల మీద పడింది. స్ప్రింగు విడిపోయి చక్రం గిర్రున తిరిగి ఆగింది. అన్నాళ్లూ ఆమెను మీరు అన్న మనిషి నువ్వులోకి దిగాడని కూడా ఆమెకు తర్వాత గానీ తట్టలేదు.

"భయపడకు. మంచిగనే చెప్పినవ్. నా భార్య, నా ఫోను. దీంట్ల తప్పేమున్నది?"

"పాపం, ఆ కాటమ్మకు పని పోయింది సార్."

"ఒక ఇల్లు పోతే ఇంకో ఇల్లు దొరుకుతది." చాయ్ ఊదుకుంటూ తాగాడు. "ఒక్కటి మాత్రం యాదుంచుకో. దాన్ని అతికించింది నేను గాదు, నీ చేతులు. నాకు సోల్డరింగ్ రాదని ఈ ఊరందరికీ ఎరుకే."

నవ్వుతూనే అన్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, ఆమె భుజం మీద కొడుకులాగా చెయ్యి వేసి లేచాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి కిటికీ పక్కన బల్ల మీద ఆకుపచ్చ ఫోను ఉంది. తాళంచెవి ఒకటి చెల్లెలి దగ్గర ఉంటుంది. శిల్ప పరుగెత్తుకుంటూ వచ్చింది.

"సార్ నీకు గిఫ్టు ఇచ్చిండు పెద్దమ్మా. ఇన్ని చేసినవ్, నీ ఇంట్ల ఒక్కటి లేకపాయె అన్నడు. నేనే ప్లగ్గు పెట్టిన."

సుందరమ్మ మెల్లగా పోయి ఫోను అడుగున చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉంది. తర్వాత ఏమీ మాట్లాడకుండా శిల్ప చెయ్యి పట్టుకుని వెనక నల్లా దగ్గరికి తీసుకుపోయి, కుళాయి తిప్పింది. నీళ్లు బకెట్లో పడే చప్పుడులో అడిగింది.

"ఆ పచ్చది నువ్వే కూర్చినవా?"

"అవు. నువ్వు చూపెట్టినట్టే చేసిన."

"లోపట ఆ నల్ల ముక్క కూడ?"

శిల్ప బకెట్ వైపు చూసింది.

"నా మొఖం చూసి చెప్పు బిడ్డా. అదేందో నీకు తెలుసా?"

"తెలుసు," అంది శిల్ప. బకెట్ నిండి పొర్లుతున్నా ఇద్దరూ పట్టించుకోలేదు. "ఒకసారి సార్ సెల్లుల ఆడోళ్ల మాటలు ఇనబడుతుంటే చూసిన. నీకంటే ముందే తెలుసు నాకు."

"మరెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఇంక చెయ్యవు. నువ్వు చెయ్యకపోతే షాపు ఉంటదా? మళ్ల ఇంట్ల కూసుంటే అమ్మ మొఖం నేను చూడలేను పెద్దమ్మా."

"నా ఇంట్ల పెడ్తివి గదే!"

"నువ్వొక్కదానివే ఉంటవు. ఎవరితోని మాట్లాడ్తవు గనుక?"

ఆ మాట సుందరమ్మకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. తను ఎంత ఒంటరిదో అప్పటిదాకా ఎవరూ ఆమెకు చెప్పలేదు.

ప్లగ్గు పీకితే శ్రీనాథ్‌కు తెలిసిపోతుంది. అందుకని పీకలేదు. ఆ ఇంట్లో ఆమె పిల్లి లాగా తిరగడం మొదలుపెట్టింది. గిన్నె జారి పడితే ఉలిక్కిపడేది. వెనకింటి ఆమె వచ్చి అల్లుడు కొడుతున్నాడని చెప్పుకోబోతే, మాట పూర్తి కానివ్వకుండా బయటికి నడిపించింది. ఆ మనిషి మనసు కష్టపెట్టుకుని మళ్లీ గడప తొక్కలేదు. అంజయ్య పోయినప్పటి నుంచీ రోజూ సందెవేళ పైకి ప్రార్థన చేసుకోవడం సుందరమ్మకు అలవాటు. మనసులో ఉన్నవన్నీ దేవుడికి గట్టిగానే చెప్పుకునేది. ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చుంటే పెదాలు కదిలేవి గానీ గొంతు వచ్చేది కాదు. తన మాట దేవుడి కన్నా ముందు శ్రీనాథ్ చెవిన పడుతుందేమోనన్న తలపు వచ్చిన రోజున ఆమె ఆమేన్ అనకుండానే లేచిపోయింది.

తెల్లవారి, ఫోను పక్కనే నిలబడి, గోడ అవతలి చెల్లెలికి వినపడేంత గట్టిగా కేకేసింది. "మోకాలు నొప్పి చెల్లే, దవాఖానకు పోతున్న!" పోయి కోదాడ బస్సెక్కింది.

కోదాడకు ముందే చిలుకూరులో దిగింది. అడుగుతూ పోతే కాటమ్మ ఊరి బయట పత్తి చేనులో దొరికింది. ఎండకు కమిలిన మనిషి, నడుముకు పత్తి సంచి.

"ఎవరమ్మా నువ్వు?"

"నీ మీద నింద పడ్డది గదా. ఆ ఫోను చేసింది నేనే."

కాటమ్మకు ముందు ఏమీ అర్థం కాలేదు. సుందరమ్మ గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పింది. విన్నాక కాటమ్మ చాలాసేపు పత్తి ఏరుతూనే ఉంది.

"మా ఆయన కూడ నమ్మలేదు," అంది. "డబ్బు తీసుకునే ఉంటవ్, ఏడ దాచినవ్ అన్నడు. నా పెనిమిటే నన్నట్ల అడిగిండు." సంచి విప్పి గట్టు మీద పడేసింది. "పా, పోదాం."

కోదాడ ఇంటి గేటు దగ్గర సుందరమ్మ లోపలికి పోలేదు. గేటు చప్పుడు చేసింది. స్వరాజ్యలక్ష్మి వరండాలోకి వచ్చి, కాటమ్మను చూసి ముఖం ముడుచుకుంది.

"అమ్మా, ముందు ఆ ఫోను ప్లగ్గు పీకుండ్రి. పీకి బయటికి తీసుకురాండ్రి. లోపల ఒక్క మాట కూడ అనొద్దు."

సుందరమ్మ గొంతులో ఏముందో గానీ, స్వరాజ్యలక్ష్మి ఎందుకని అడగకుండా పోయి తెచ్చింది. వెనకే ఆమె తండ్రి కూడా వచ్చాడు. ప్రహరీ గోడ మీద పెట్టి సుందరమ్మ రేకు విప్పింది, నల్ల ముక్క చూపించింది, అది ఏం చేస్తుందో చెప్పింది. ఎవరు తెచ్చారో చెప్పింది. ఎవరు అతికించారో కూడా చెప్పింది.

స్వరాజ్యలక్ష్మి అరవలేదు. గోడకు ఆనుకుంది. ఆమె కళ్లు ఎక్కడో ఉన్నాయి. ఆ హాల్లో తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కి వెతుక్కుంటున్నట్టుంది.

"రాత్రిళ్లు అమ్మ ఒళ్లో పడుకుని ఏడ్చేదాన్ని," అంది. "అది కూడా విన్నాడా?"

ఆమె తండ్రి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"మొన్న వచ్చినప్పుడే మీకు తెలుసా?" అని సుందరమ్మను అడిగింది.

"తెలిసిందమ్మా. భయమై చెప్పలేదు."

స్వరాజ్యలక్ష్మి కాటమ్మ దగ్గరికి పోయి చేతులు పట్టుకుంది. కాటమ్మ కాసేపు పట్టుకోనిచ్చి మెల్లగా విడిపించుకుంది.

"మీ మీద కోపం లేదమ్మా. నిజం తెలిసింది, చాలు. కానీ మళ్లీ మీ ఇంట్లకు రాను. అక్కడ ఇంక నోరిప్పాలంటే భయమేస్తది."

అంతటితో అయిపోలేదు. ఇరువైపుల పెద్దమనుషులు కూర్చున్నారు. భార్య క్షేమం కోసమే పెట్టానని శ్రీనాథ్ అన్నాడు. బయట పడితే రెండిళ్ల పరువూ పోతుందని పెద్దలు నచ్చజెప్పారు. స్వరాజ్యలక్ష్మి వినకుండా పోలీసు స్టేషనుకు పోయింది. అక్కడ సుందరమ్మను పిలిచి మొదట అడిగిన మాట, ఇది బిగించింది ఎవరు అని. నేనే అంది. ఆమెను సాక్షి అనాలో ముద్దాయి అనాలో ఇప్పుడే చెప్పలేనని వకీలు అన్నాడు. శ్రీనాథ్ బెయిలు మీద తిరుగుతున్నాడు, ఎదురుపడితే పలకరిస్తాడు, మోకాలి నొప్పి ఎట్లుందని అడుగుతాడు. మిల్లు గదికి తాళం పడింది. వైండింగు షాపువాళ్లు మళ్లీ రమ్మనలేదు. ఫ్యాను బాగు చేయమని ఇంటికి పిలిచేవాళ్లు కూడా, ఆమె బిగించి పోయాక ఇంకొకరిని తెచ్చి విప్పించి చూసుకుంటున్నారని ఆమెకు తెలిసింది. ఇంట్లో పచ్చ ఫోనును పోలీసులు తీసుకుపోయారు. అయినా ఆమె ప్రార్థన ఇప్పటికీ పెదాల మీదే.

కేసు వాయిదా ఒకటి సూర్యాపేటలో పడింది. పని తొందరగానే తేలిపోయింది, ఇంకో తేదీ ఇచ్చారు. బస్‌స్టాండులో మిర్యాలగూడ బస్సు కోసం కూర్చుని ఉంటే శిల్ప కనపడింది. ఆర్నెల్ల కిందటే పని దొరికిందని ఇల్లు వదిలింది. మంచి చీర, చేతికి గడియారం.

"ఏడ చేస్తున్నవ్ బిడ్డా?"

"గీడనే, సూర్యాపేటల. సార్ దోస్తు షాపు."

"ఇంకా ఫోన్లేనా?"

"ఫోన్లు ఎవలు కొంటరు పెద్దమ్మా ఇప్పుడు? గోడ గడియారాలు. దేవుని పటాలకు లైట్లు పెట్టి ఇస్తరు సూడు, అవి కూడ. పెండ్లిళ్లకు, గృహప్రవేశాలకు గిఫ్టులు. ఆర్డర్లు మస్తున్నయి. ఇంకిద్దరు పిల్లలకు నేనే నేర్పుతున్న."

"వాటి లోపట?"

శిల్ప అటూ ఇటూ చూసింది. పైట సర్దుకుంది.

"నీ బస్సు వచ్చింది పెద్దమ్మా," అని, ఆమె సంచి అందించి, జనంలో కలిసిపోయింది.

బస్సు నిండుగా ఉంది. సుందరమ్మకు ఒక కొత్త కోడలు లాంటి పిల్ల పక్కన సీటు దొరికింది. ఆ పిల్ల ఒళ్లో మెరిసే కాగితం చుట్టిన వెడల్పాటి పెట్టె ఉంది. బస్సు ఊరు దాటేదాకా సుందరమ్మ ఆ పెట్టె వంకే చూసింది.

"ఏమున్నదమ్మా దీంట్ల?"

"గడియారం. మా వదిన ఇల్లు కట్టుకున్నది, ఎల్లుండి పాలు పొంగిస్తున్నరు. మా ఆయన తెచ్చిండు. కొత్త షాపట, మస్తు మంచిగున్నది."

సుందరమ్మ గొంతు సవరించుకుంది. ఈసారి భయపడొద్దనుకుంది.

"బిడ్డా, ఒక్కసారి దాన్ని ఇప్పి చూడనిస్తవా? నాకు ఆ పని తెలుసు. మళ్ల ఎట్లున్నది అట్లనే చుట్టిస్త."

ఆ పిల్ల ఆమెను పై నుంచి కింది దాకా చూసింది. పెట్టెను రెండు చేతులతో దగ్గరికి లాక్కుని, ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.